తలుపు తీసిన మనిషి

డేజీ (DayZ) అనే ఆన్‌లైన్ వీడియో గేమ్‌లో జాంబీలకన్నా నన్ను ఎక్కువగా భయపెట్టింది తోటి ఆటగాళ్లే. న్యూజిలాండ్‌కు చెందిన డీన్ హాల్ 2012లో ఆర్మా 2 అనే యుద్ధ వీడియో గేమ్‌కు మాడ్‌గా (ఉన్న ఆటను మార్చి చేసిన కొత్త రూపంగా) తెచ్చిన ఈ ప్రయోగాన్ని, చెక్ సంస్థ బొహీమియా ఇంటరాక్టివ్ 2018 డిసెంబరులో పూర్తిస్థాయి ఆటగా విడుదల చేసింది. చెర్నారస్ అనే కల్పిత దేశపు సముద్రతీరంలో దాదాపు ఖాళీ చేతులతో మొదలవుతాం; చనిపోతే కూడబెట్టినదంతా పోగొట్టుకుని మళ్లీ ఆ తీరానికే చేరుతాం.

ఒక రాత్రి, రెండు గంటల వెతుకులాట తర్వాత దొరికిన ఏకైక బీన్స్ డబ్బాను ఒక పాడుబడిన ఇంట్లో కూర్చుని కత్తితో తెరుస్తుండగా, బయట అడుగుల చప్పుడు వినిపించింది. మూసిన తలుపును జాంబీలు తీయలేవు కాబట్టి, గొళ్లెం కదలగానే వచ్చింది మనిషేనని అర్థమైంది. "కాల్చవద్దు, స్నేహితుణ్నే" అని అతడు ఇంగ్లీషులో అంటూనే ఉన్నాడు, నేను కాల్చేశాను. గురి తప్పింది (నా గురిని మెచ్చుకున్నవారు ఇంతవరకు లేరు). అతడు తలుపును బార్లా తెరిచి వదిలేసి పారిపోయాడు. తుపాకీ చప్పుడుకు ఊళ్లోని జాంబీలన్నీ ఆ గుమ్మంలోకే వచ్చాయి. బీన్స్ సగం కూడా తినలేదు.