అల్మరాలో టిక్కుమన్న చప్పుడు

రాత్రి పదిన్నర దాటిన తరువాత అల్మరా పై అరలోంచి టిక్కుమని చిన్న చప్పుడు వచ్చింది. అది బల్లి కాదు, గడియారమూ కాదు. మొన్న ఒకసారి, నిన్న ఒకసారి ఇదే చప్పుడు విని పట్టించుకోకుండా పడుకున్నాను. ఈ రోజు మాత్రం లేచి, దీపం వేసి చూశాను. పోయిన వారం కాల్పించి తెచ్చుకున్న పొడుగు కూజా భుజం మీద, ఆవగింజల గుంటల వరుసకు కాస్త పైన, కందిబద్దంత పెచ్చు ఊడి అర మీద పడి ఉంది. ఊడిన చోట చిన్న గరాటులాంటి గుంట, దాని అడుగున సూదిమొనంత తెల్లటి చుక్క కనిపించాయి. కూజాను తిప్పి చూస్తే అటువంటివి మరో రెండు ఉన్నాయి. మూడు చప్పుళ్ళకూ లెక్క సరిపోయింది. పచ్చిమట్టిలో వంటింటి గింజలు గుచ్చి, బట్టీలో అవి కాలిపోయాక మిగిలే గుంటలు చూసి మురవడం నా పిచ్చి. ఆ కూజా మీద నేను అలా కావాలని వేసిన గుంటలు వందకు పైగా ఉంటాయి. వాటి గురించి సంతోషంగా రాద్దామని వారం నుంచి అనుకుంటూ, చివరికి కోరుకోని ఈ మూడింటి గురించి రాయడానికి కూర్చున్నాను.

నా కోపం మొదట, నా కుండలను తన కరెంటు బట్టీలో కాల్చిపెట్టే ఆయన మీదకు పోయింది. ఎండిన కుండలు మూడింటినీ పాత తువ్వాలులో చుట్టి తీసుకువెళ్ళినప్పుడు, ఆయన ఒక్కొక్కదాన్ని దీపం ముందు తిప్పి, మట్టిలో పాతుకొని ఉన్న గింజలను గోటితో తట్టి, “ఇదంతా పొగేనండీ” అన్నారు. కరెంటు బట్టీ గోడల వెంట చుట్టలుగా ఉండే తీగలు ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన లోహంతో చేసినవనీ, వేడికి వాటి పైన ఏర్పడే అల్యూమినియం ఆక్సైడు పొరే వాటికి రక్ష అనీ, గాలి ఆడకుండా పొగ కమ్మితే ఆ పొర చెడి తీగల ఆయుష్షు తగ్గిపోతుందనీ పాఠం చెప్పారు. ఆ పాఠంలో తప్పేమీ లేదు. నాకు గుచ్చుకున్నది, అక్కడే నిలబడి ఉన్న ఇద్దరు కుర్రవాళ్ళు వింటుండగా ఆయన “వంటింటి ప్రయోగాలు” అని నవ్వడం. పైగా వేరేవాళ్ళ కుండలతో కలిపి కాల్చననీ, వీలు చిక్కినప్పుడు విడిగా కాల్చి కబురు పెడతాననీ చెప్పి మూడు వారాలు తిప్పుకున్నారు. అందుకని పెచ్చు చేతిలోకి తీసుకోగానే నేను అనుకున్నది, విసుగుతో ఆయన బట్టీని తొందరపెట్టి ఉంటారని.

తొందరపెడితే ఏమవుతుందో నాకు తెలుసు. గింజలోని పిండి 200 డిగ్రీలు దాటాక నల్లబడి, క్రమంగా బొగ్గవుతుంది. ఆ బొగ్గు పూర్తిగా పోవాలంటే వేడి ఒక్కటే చాలదు, గాలి కూడా తగలాలి. అందువల్ల పొగ ఆగేదాకా బట్టీ మూత కింద సన్నటి సందు ఉంచి, ఆ తరువాత కూడా గాలి రంధ్రం తెరిచి పెట్టి, వేడిని నింపాదిగా పెంచుకుంటూ పోవాలి. మధ్యలో 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఉన్నట్టుండి కాస్త ఉబ్బుతుంది కాబట్టి అక్కడ మరింత ఓర్పు అవసరం. బొగ్గు లోపలే చిక్కుకుపోతే గోడ మధ్యలో నల్లటి చార మిగులుతుంది, గ్లేజు, అంటే గాజులాంటి పూత, వేసి మళ్ళీ కాల్చినప్పుడు అక్కడ బొబ్బలు లేస్తాయి. ఆ నలుపు కోసమే భూతద్దం పెట్టి వెతికాను. దొరకలేదు. ఊడిన పెచ్చు అంచు ఒక వైపు నుంచి మరో వైపు దాకా ఒకే ఇటుక రంగులో ఉంది. ఆయన బాగానే కాల్చారు. ఈ వాక్యం రాయడానికి నాకు ఇష్టం లేదు.

భూతద్దం చేతిలో ఉంది కదా అని మిగిలిన గుంటలు కూడా చూశాను. బియ్యపుగింజ కాలిపోయిన చోటు మెరిసేంత నున్నగా ఉంది. గింజ మొన దగ్గర మొలక ఉండే చిన్న నొక్కు కూడా మట్టిలో తిరగబడి బుడిపెలా మిగిలింది. ఆవగింజల గుంటలు అచ్చమైన అర్ధగోళాలు. మిరియం ఒంటి మీది ముడతలన్నీ దాని గుంట గోడల మీద వలలాగా అచ్చుపడ్డాయి. కాఫీ పిప్పి కలిపిన మట్టి మాత్రం గుంటలు పడినట్టు ఉండదు, చీమలు తొలిచినట్టు ఉంటుంది.

ఈ పిచ్చికి మూలం ఒక పొరపాటు. చైనాలోని జింగ్‌డెజెన్‌లో చేసే పింగాణీలో, గిన్నెను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే గోడలో బియ్యపుగింజల ఆకారంలో కాంతి కనిపించే రకం ఒకటి ఉంది. పచ్చి గిన్నెలో బియ్యం గుచ్చి కాల్చేస్తే అలా వస్తుందని ఎవరో చెప్పగా చాలా కాలం నమ్మాను. వాళ్ళు చేసే పని వేరు. గిన్నె గోడకు ఆ ఆకారంలో రంధ్రాలు కోసి, వాటిని గ్లేజుతో పూడ్చి కాలుస్తారు. నమ్మకం పోయింది కానీ, మట్టి చేతులతో బియ్యం డబ్బా మూత తీసే అలవాటు పోలేదు.

మొట్టమొదటి పలక సంగతి చెప్పకుండా ఉండలేను. అప్పటికి నాకు ఏమీ తెలియదు. మెత్తటి మట్టిని అప్పడాల కర్రతో పలకగా ఒత్తి, గుప్పెడు పెసలు చల్లి, మళ్ళీ ఒకసారి కర్ర దొర్లించి, మట్టి మెల్లగా ఆరితే పగుళ్ళు రావని చదివినందువల్ల ప్లాస్టిక్ కాగితం కప్పి ఊరికి వెళ్ళిపోయాను. మూడో రోజు వచ్చి కాగితం తీసేసరికి పలక నిండా మొలకలు. పెసలు మట్టిలోని తడినంతా తాగి, ఉబ్బి, తెల్లటి తోకలు బయటపెట్టాయి. కొన్ని తమను నొక్కిన మట్టినే నెట్టుకొని పైకి లేచాయి. ఒకటైతే పచ్చటి పొట్టును టోపీలాగా పక్కకు పెట్టుకొని నిటారుగా నిలబడి ఉంది. పుల్లటి వాసన, ఒక మూల బూజు, ప్రతి గింజ చుట్టూ నక్షత్రంలాగా పగుళ్ళు. నేను నవ్వుతూ కేకలు పెడితే ఇంట్లో అందరూ వచ్చి చూశారు. చిన్నాడు దానికి నీళ్ళు పోయమన్నాడు. నాకు కూడా దాన్ని ఆరబెట్టడానికి మనసు రాక ఇంకో రెండు రోజులు కప్పి ఉంచాను. తరువాత అది ఎండిపోయింది, కాలింది, వేళ్ళు పాకిన చోటల్లా వెంట్రుక మందాన సొరంగాలు మిగిలాయి. ఆ తరువాత ఎంత జాగ్రత్తగా చేసినా అంతటి పలక మళ్ళీ రాలేదు.

జాగ్రత్త అంటే ఇదీ. మట్టి ఎండేటప్పుడు నూటికి 5 నుంచి 8 వంతుల దాకా కుదించుకుపోతుంది, దానిలోని పొడి గింజ మాత్రం తడి తాగి పెరుగుతుంది. ఆ పోట్లాటలో విరిగేది మట్టే. అందువల్ల వేలితో నొక్కితే సొట్ట పడకుండా, గోటితో గీస్తే గీత పడే దశ దాకా ఆగి, గింజను సగం లోతు మాత్రమే నొక్కాలి. గోడ మందం గింజకు రెండింతలైనా ఉండాలి. గింజలను ముందే నానబెడితే పోట్లాట ఉండదు కదా అని ఒకసారి పెసలు నానబెట్టి గుచ్చాను. అవి ఎండి, ముడుచుకొని, వాటంతటవే రాలిపోయి, శుభ్రమైన గుంటలు మిగిల్చాయి. అప్పుడు ఆలోచనలో పడ్డాను. మంటతో పనే లేకపోతే ఇన్నాళ్ళూ ఈ పొగ, ఈ మాటలు పడడం దేనికి? దానికి జవాబు కాఫీ పిప్పి చెప్పింది. పైన గుచ్చింది రాలిపోతుంది, మట్టితో కలిపి పిసికినదాన్ని మంట తప్ప మరేదీ బయటికి తీయలేదు. గ్వాటెమాలాలో ఫెర్నాండో మజారియెగోస్ 1981లో రూపొందించిన నీటి వడపోత కుండలో జరిగేది కూడా అదే. మట్టిలో కలిపిన రంపపు పొట్టో ఊకో కాలిపోయి, నీళ్ళు బొట్టుబొట్టుగా దిగే సందులు మిగులుతాయి. వాళ్ళు చేసింది మంచినీళ్ళ కోసం, నేను చేసేది చూసి మురిసిపోవడానికి. నా కుండల్లో నేను తినడానికి ఏమీ పెట్టను, గుంటల్లో చిక్కుకున్న మెతుకు ఎంత తోమినా రాదు.

ఇక ఇంట్లో గొడవ. బియ్యం డబ్బాకూ నా బల్లకూ మధ్య దారిలో వదిన నిలబడి, “తినే గింజలను మట్టిలో కలిపి తగలబెట్టడం ఏమిటమ్మా?” అని అడగడం కొత్తేమీ కాదు. పురుగు పట్టిన బియ్యమే తీసుకుంటున్నానని చెప్పినా ఆమె ముఖం అలాగే ఉంటుంది. జపాన్‌లో జోమోన్ అనే ప్రాచీన కాలపు కుండల పెంకుల మీద ముక్కుపురుగుల అచ్చులు దొరికాయనీ, వాటిలో కొన్ని 10,000 ఏళ్ళ నాటివనీ, పచ్చిమట్టిలో చిక్కుకున్న పురుగు కాలిపోయి వదిలిన గుంటలో రబ్బరులాంటి పదార్థం పోసి దాని రూపాన్ని మళ్ళీ పైకి తీశారనీ ఒక రోజు ఉత్సాహంగా చెప్పాను. “అయితే మన ఇంటి పురుగులు కూడా చరిత్రలోకి ఎక్కుతాయన్న మాట” అన్నది. ఆ మాటకు నాకు నవ్వు వచ్చింది, కోపం కూడా వచ్చింది, కోపాన్నే పైకి చూపించాను. చివరికి రాజీకి వచ్చినట్టు, “పారేసేవి బోలెడు ఉన్నాయి కదా, వాటితో చేసుకో” అన్నది. ఆ పంతంతోనే ఈ కూజా మట్టిలో కాఫీ పిప్పితో పాటు, చెత్తబుట్టలోకి పోవలసిన కోడిగుడ్డు పెంకులు కూడా చిదిమి కలిపాను.

భూతద్దం కింద ఆ తెల్లటి చుక్క కనిపించినప్పుడే తెలియవలసింది, కానీ కోపం అప్పటికి ఇంకా ఒకరి మీది నుంచి మరొకరి మీదకు మారుతూ ఉంది. గుడ్డు పెంకు వంటింటిదే కానీ కాలిపోయేది కాదు. దానిలో నూటికి దాదాపు 95 వంతులు కాల్షియం కార్బొనేటు. 850 డిగ్రీల ప్రాంతంలో అది బొగ్గుపులుసు వాయువును వదిలేసి సున్నమవుతుంది, 100 గ్రాముల కార్బొనేటుకు 56 గ్రాముల సున్నం మిగులుతుంది. గుల్లలను కాల్చి గుల్లసున్నం చేస్తారని చిన్నప్పుడే చదువుకున్నదాన్ని, నా చేతులతో నేనే 1,000 డిగ్రీల బట్టీలోకి సున్నానికి కావలసిన సరుకు పంపాను. మట్టి గోడలో బందీ అయిన ఆ కాల్చిన సున్నం గాలిలోని తేమను రోజుల తరబడి మెల్లగా పీల్చుకొని ఉబ్బుతుంది, ఉబ్బి తన మీదున్న మట్టిని టిక్కుమని ఎగరగొడుతుంది. పెంకును పిండిలాగా నూరి కలిపి ఉంటే ఇలా జరిగేది కాదు, కానీ ఆ రోజు నేను నూరలేదు, కోపంగా చిదిమాను.

బట్టీ ఆయన ఆ రోజు, “ఉప్పు గానీ కలపలేదు కదా?” అని ప్రత్యేకంగా అడిగిన విషయం ఇప్పుడు గుర్తుకొచ్చింది. ఉప్పు కూడా కాలదు, 801 డిగ్రీల దగ్గర కరిగి, ఆ పైన ఆవిరై బట్టీ ఇటుకలనూ తీగలనూ తినేస్తుంది, ఆయన భయం అది. లేదని నేను నిజమే చెప్పాను. గుడ్డు పెంకు సంగతి ఆయన అడగలేదు కాబట్టి తప్పు ఆయనదే అని ఒక నిమిషం వాదించుకొని చూశాను. పారేసేవి వాడుకోమన్నది వదినే కదా అని మరో నిమిషం చూశాను. ఏదీ నిలబడలేదు. ఆయన, “ఇంకేమైనా ఉందా?” అని కూడా అడిగారు. “వంటింటి ప్రయోగాలు” అన్న మాట అప్పటికే పడిపోయింది గనుక, ఇంకో వంటింటి వస్తువు పేరు చెప్పడం ఇష్టం లేక ఏమీ లేదన్నాను.

బట్టీలోంచి తీసిన వెంటనే నీళ్ళలో ముంచి ఉంచితే సున్నం ఒక్కసారిగా తడిసి మెత్తబడుతుందని, కొందరు ఇటుకలు చేసేవాళ్ళు అలాగే ముంచుతారని తెలుసు. వారం ఆలస్యమైంది. అయినా బకెట్ నిండా నీళ్ళు పట్టి కూజానూ, అదే మట్టితో చేసిన చిన్న గిన్నెనూ అడుగుదాకా దించాను. గ్లేజు లేని మట్టి కదా, బుస్సుమని నీళ్ళు తాగుతూ, పిప్పి కాలిపోయిన ప్రతి సందులోంచీ బుడగలు వరుసగా వదులుతున్నది. వదిన లేచి వచ్చి, బకెట్‌లోకి వంగి చూసి, ఏమైందని అడిగింది. గుడ్డు పెంకులని చెప్పాను. “అది నేను చెప్పలేదు, కాఫీ పిప్పి చెప్పాను” అన్నది. గుర్తు చేసుకుంటే ఆమె చెప్పింది అదే. ఇద్దరం కాసేపు ఆ బుడగలు చూస్తూ కూర్చున్నాం. ఇది రాస్తుంటే అవి ఇంకా వస్తూనే ఉన్నాయి.