కిలోకు 18 రూపాయలు

జీడిమెట్ల పారిశ్రామికవాడలోని ఒక బల్క్ డ్రగ్ (మాత్రల్లో కలిపే అసలు మందు పదార్థం) కంపెనీలో, కొనుగోళ్ల విభాగంలో నేను ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేశాను. ప్రపంచ రాజకీయాలు, ఆర్థిక వ్యవస్థ, సాంకేతికత మన జీవితాలను ఎలా మారుస్తున్నాయన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది 2004లో నేను సంతకం పెట్టిన ఒక పర్చేజ్ ఆర్డరు.

అప్పటిదాకా పారాసెటమాల్ తయారీకి కావలసిన పారా అమినో ఫినాల్‌ను మాకు రెండు వీధుల అవతల ఉన్న ఒక చిన్న యూనిట్ దగ్గర కొనేవాళ్లం. యజమాని స్వయంగా కెమిస్టు. ప్రతి లాటుకూ ముందు శాంపిలును గాజు సీసాలో పోసి, పాలిథిన్ కవరులో చుట్టి, స్కూటరు మీద తానే తెచ్చేవారు. గాలి తగిలితే ఆ పొడి రంగు మారుతుంది గనుక, సీసాను కిటికీ వెలుతురులో ఎత్తి పట్టుకుని గులాబీ ఛాయ ఏమైనా ఉందా అని ఇద్దరం చూసేవాళ్లం. ఆ ఏడాది చైనా సరుకు చెన్నై రేవులో దిగి, సుంకాలూ లారీ కిరాయీ కలుపుకొని కూడా, కిలోకు 18 రూపాయలు తక్కువకు వచ్చింది. ఆర్డరు మార్చేశాను. “సార్, 18 రూపాయలకు ఇన్నేళ్ల సంబంధం తెంచుకుంటారా?” అని ఆయన అడిగారు. నేను లెక్క చూపించాను. రెండేళ్లు తిరగకుండానే ఆ యూనిట్ మూతపడింది.

అసలు ఈ పరిశ్రమ హైదరాబాదుకు వచ్చిందే ప్రపంచ రాజకీయాల మూలంగా. 1961లో ఏర్పడిన ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్, సోవియట్ సహకారంతో సింథటిక్ మందుల కర్మాగారాన్ని బాలానగర్ దగ్గర నెలకొల్పింది. అక్కడ పనిచేసిన కెమిస్టులు ఎందరో తరువాత సొంత కంపెనీలు పెట్టుకున్నారు. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన అంజిరెడ్డిగారు వారిలో ఒకరు. 1970 నాటి పేటెంట్ చట్టం మందుకు కాక దాని తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది కాబట్టి, అదే మందును మరో దారిలో చేయగలిగినవాళ్లకు అవకాశం దొరికింది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మేరకు 2005లో ఆ వెసులుబాటు పోయేనాటికి, మనవాళ్లు పేటెంటు గడువు తీరిన మందులను అమెరికాకు పంపే స్థాయికి ఎదిగారు. ఈనాడు అమెరికాలో వైద్యులు రాసే ప్రతి పది ప్రిస్క్రిప్షన్లలో తొమ్మిది ఇలాంటి జెనెరిక్ మందులవే.

అయితే మందు తయారీలో చివరి మెట్ల మీద మనం ఎంత గట్టిపడ్డామో, మొదటి మెట్లను అంతగా వదులుకున్నాం. ఎన్నో యాంటీబయాటిక్‌లకు మూలపదార్థమైన పెన్సిలిన్-జి తయారీ ఈ దేశంలో దాదాపు ఆగిపోయింది. దీన్ని ఢిల్లీలోనో బీజింగ్‌లోనో ఎవరో ఒకరు నిర్ణయించలేదు. నాలాంటి కొనుగోలు అధికారులు, ప్రతి ఒక్కరూ తమ లెక్క ప్రకారం సరైన పనే చేస్తూ, కిలోకు ఇంత చొప్పున దాన్ని జారవిడిచారు. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది.

ఫలితం 2017లో మొదటిసారి గట్టిగా తెలిసింది. కాలుష్యం పేరిట చైనా తన రసాయన కర్మాగారాలను వరుసగా మూయించడంతో మా ముడిసరుకు ధరలు ఎగబాకాయి. 2020 జనవరిలో చైనా సప్లయర్లు నూతన సంవత్సర సెలవులకు వెళ్లారు, కరోనా వల్ల ఆ సెలవులు పొడిగిస్తూ పోయారు, మా గోదాములో డ్రమ్ములు రోజురోజుకూ తగ్గాయి. మార్చి 3న కేంద్రం పారాసెటమాల్ సహా 26 రకాల ముడి మందులు, ఫార్ములేషన్ల (మాత్రల వంటి తయారు మందుల) ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. నేను రిటైరైన తరువాత, 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడలపై దాడులు మొదలై, సరుకు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవలసి వచ్చింది. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు బ్రాండెడ్ మందులపై నూరు శాతం సుంకం ప్రకటించిన రాత్రి, జెనెరిక్‌ల మాట అందులో లేదని తెలిసేదాకా పాత సహోద్యోగులు నాకు ఫోన్లు చేస్తూనే ఉన్నారు.

చవక ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పాలి. ఆ చిన్న యూనిట్‌లో ఇనుప రజనుతో రిడక్షన్ అనే రసాయన చర్య జరిపేవారు. ప్రతి బ్యాచ్‌కూ నల్లటి ఇనుప బురద మిగిలేది. దాన్ని సవ్యంగా వదిలించుకోవడానికి అయ్యే ఖర్చు ధరలో కలిపితే ఆయన సరుకు అమ్ముడుపోదు, కలపకపోతే అది ఎవరో ఒకరి పొలంలోకి చేరుతుంది. పటాన్‌చెరు దగ్గర నక్కవాగు ఒడ్డున బతికిన రైతులకు ఈ సంగతి నాకన్నా బాగా తెలుసు. అక్కడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. 2025 జూన్ 30న పటాన్‌చెరు దగ్గరి పాశమైలారంలో ఒక ఫార్మా కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది పొట్ట చేతపట్టుకుని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు. నేను చూపించిన లెక్కలో ఇవేవీ లేవు.

కేంద్రం 2020లో ముడి మందుల కోసం 6,940 కోట్ల రూపాయలతో పీఎల్ఐ (దేశంలో తయారుచేసేవారికి ప్రోత్సాహకమిచ్చే) పథకం తెచ్చింది, కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి మళ్లీ తయారవుతోంది. నాకు నిజంగా సంతోషమే. కానీ ధర తగ్గించి అమ్మే దేశం పక్కనే ఉండగా, కొనేవాడు ఆ 18 రూపాయలు ఎక్కువ పెట్టకపోతే ఆ కర్మాగారాలు ఎన్నాళ్లు నిలుస్తాయన్నదే నా బెంగ.

కిందటి నెల మా పాత విభాగం నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేసి, “సార్, ఆ లోకల్ వెండర్ నంబరు మీ దగ్గరేమైనా ఉందా?” అని అడిగాడు. పాత డైరీ వెతికి ఫోన్ చేస్తే వాళ్లబ్బాయి తీశారు. నాన్నగారు పోయి ఆరేళ్లయిందని, రియాక్టర్లు పాత ఇనుము ధరకు అమ్మేశామని, షెడ్డులో ఇప్పుడు పార్శిళ్ల గోదాము నడుస్తోందని చెప్పారు. నాన్నగారు చేత్తో రాసుకున్న బ్యాచ్ పుస్తకాలు మాత్రం అటక మీద ఉన్నాయట, కావాలంటే దించి పెడతానన్నారు. ఆదివారం వెళ్తున్నాను.