టెంట్ బయట ఒక రాత్రి

కొండ మీద అడవిలో క్యాంపింగ్. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, నీళ్లు కూడా కింద వాగు నుంచి మోసుకొచ్చినవే. ఫోన్లు సంచిలో పెట్టేసి, టార్చికి ఎర్ర కాగితం చుట్టి కూర్చున్నాం. కళ్లు చీకటికి బాగా అలవాటు పడాలంటే 20, 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్క తెల్లటి వెలుగు పడిందా, మళ్లీ మొదటికే.

అప్పుడు కనిపించింది పాలపుంత! మొదట మేఘమే అనుకున్నాను. శర్మిష్ఠ (కాసియోపియా) అనే నక్షత్రాల గుంపు దగ్గర చిన్న మసక మచ్చ, అదే మన పాలపుంత లాంటి మరో గెలాక్సీ, ఆండ్రోమెడా. టెలిస్కోపు లేకుండా, ఉత్త కళ్లతో చూశాను. ఆ వెలుగు బయలుదేరి దాదాపు 25 లక్షల ఏళ్లయింది. అప్పటికి మన మనిషి జాతి ఇంకా పుట్టనే లేదు. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా టెంటులోకి వెళ్లబుద్ధి కాలేదు. మంచుకి దుప్పటి తడిసేదాకా అలాగే పడుకుని చూస్తూ ఉండిపోయాం.