సాక్ష్యాల్లో కష్టం ఎందుకు వినపడటం లేదు

మా గుంటూరు, ప్రకాశం వైపు చాలా క్రైస్తవ సంఘాల్లో సాక్ష్యం చెప్పే పద్ధతే, అంటే దేవుడు తమ జీవితంలో ఏం చేశాడో అందరి ముందు లేచి చెప్పుకునే పద్ధతే, మారిపోయింది. ఇదివరకు "మా ఆయనకి ఒంట్లో బాగాలేదు, అప్పులవాళ్లు ఇంటిమీదకి వస్తున్నారు, నా కోసం ప్రార్థన చేయండి" అని ఏడుస్తూ చెప్పేవాళ్లు కూడా లేచి నిలబడేవాళ్లు. ఇప్పుడు మైకు ఇచ్చేది ఇల్లు కట్టినవాళ్లకి, కారు కొన్నవాళ్లకి, కొడుక్కి అమెరికా వీసా వచ్చినవాళ్లకి. విత్తనం వేశాను (అంటే కానుక ఇచ్చాను), దేవుడు నూరంతలు ఇచ్చాడు అని వాళ్లు చెప్తే అందరూ స్తోత్రం అంటారు. వీసా రానివాడూ అంటాడు, అని ఇంటికెళ్లి నా విశ్వాసంలో ఏం లోపముందో అని కుమిలిపోతాడు.

విశ్వాసం ఉండి కానుకలిస్తే డబ్బు, ఆరోగ్యం వస్తాయని చెప్పే ఈ ప్రాస్పెరిటీ బోధ గురించి మాట్లాడేటప్పుడు పాస్టర్ల కార్లు, బంగళాల మీదే అందరూ పడతారు. నాకు దానికంటే భయమేసేది ఇది: మనుషులు ఒకరి కష్టం ఒకరికి చెప్పుకోవడం మానేస్తున్నారు.

మా పేటలో ఒక అక్క భర్తకి డయాలసిస్ మొదలైన సంగతి పక్కింటివాళ్లకే నెలల తర్వాత తెలిసింది. "చెప్తే మా ఇంట్లో శాపం ఉందంటారు, దశమభాగం ఎగ్గొట్టామంటారు" అంది. దశమభాగమంటే సంపాదనలో దేవుడికిచ్చే పదో వంతు. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు. పేదరికం అవిశ్వాసానికి గుర్తు, రోగం ఒప్పుకోని పాపానికి గుర్తు అని వారం వారం వింటే ఎవరైనా అలాగే దాచుకుంటారు. దాచుకున్న కష్టానికి చందా ఎవరు వేస్తారు, ఆస్పత్రికి తోడు ఎవరెళ్తారు? డ్వాక్రా లోను డబ్బు తెచ్చి కానుక కవర్లో పెట్టి, వాయిదా కట్టలేక గ్రూపులో మిగతా ఆడవాళ్లతో మాటలు తెగిపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లంతా ఒకే మందిరానికి వెళ్లేవాళ్లే.

పరిశుద్ధాత్మ అనుభవానికి పెద్దపీట వేసే పెంతెకొస్తు సంఘాలంటేనే ఇది అని మాత్రం అనుకోవద్దు, అది అన్యాయం. 1906లో లాస్ ఏంజెలెస్ అజూసా వీధిలో తొలినాటి పెంతెకొస్తు కూడికలు నడిపిన విలియం సేమూర్ బానిసలుగా బతికిన తల్లిదండ్రుల కొడుకు, అక్కడ నల్లవాళ్లు తెల్లవాళ్లు పక్కపక్కన మోకరించారు. మన దగ్గర ఇండియన్ పెంతెకొస్తల్ సంఘం 1935లో ఏలూరులో రిజిస్టర్ అయ్యే నాటికి ఆ విశ్వాసంలోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఏమీ లేనివాళ్లే. తాగుడు మానిన మగవాళ్లు, జీవితంలో మొదటిసారి పదిమంది ముందు నోరు విప్పిన ఆడవాళ్లు ఎంతమందో. విత్తనం, నూరంతలు అనే లెక్క ఓరల్ రాబర్ట్స్, కెన్నెత్ హేగిన్ లాంటి అమెరికా బోధకుల దగ్గర పెరిగి, తర్వాత టీవీల్లో మన దాకా వచ్చింది. కావలసింది నమ్మి నోటితో పలికితే చాలు అన్నీ వస్తాయనే బోధని అమెరికా అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ సంఘమే 1980లో అధికారికంగా తప్పుపట్టింది. వాళ్లూ పెంతెకొస్తులే.

తెలుగు క్రైస్తవులం అసలు ఎక్కణ్ణించి వచ్చామో ఒకసారి గుర్తు చేసుకోండి. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. ఆ సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు, కూటి కోసం దేవుణ్ణి నమ్మారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాక, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇంకేమీ దొరకదని తెలిసే వచ్చారు మన పెద్దవాళ్లు! వాళ్ల మనవళ్లకి, మునిమనవళ్లకి ఇప్పుడు "ఇవ్వు, నీకు తిరిగొస్తుంది" అని చెప్తున్నారు.

ఆ పెద్దవాళ్లు ఇవ్వకుండా ఏమీ లేరు. వంట చేసే ముందు పిడికెడు బియ్యం దేవుడి పేరు మీద తీసి పక్కన పెట్టేవాళ్లు, కోత పండుగకి గుమ్మడికాయో కోడిపెట్టో తెచ్చి వేలం వేస్తే ఊరంతా నవ్వుకుంటూ పాడుకునేవాళ్లు. ఎవరి కోడి ఎంత పలికిందని ఏడాదంతా చెప్పుకోవడం, అదో సంబరం. ఇప్పటి కవర్ మీద నీ పేరు, నీ ప్రార్థన విన్నపం, నీ ఫోన్ నంబరు. అందులో పక్కింటివాళ్ల ఊసే ఉండదు.

ఇంకో నష్టం కూడా ఉంది, దీని గురించి మనవాళ్లు సరిగా మాట్లాడరు. మన సంఘాల్లో ఎక్కువమంది దళితులు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా ఉండదు, ఆంధ్రలో బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషన్ మిగులుతుంది. భూమి లేదు, కౌలు భారం, కూలి తక్కువ. వీటన్నిటికీ కారణం నువ్వు దశమభాగం సరిగా ఇవ్వకపోవడమే అని నమ్మించాక ఆ మనిషి ఇళ్ల స్థలం కోసం పదిమందితో కలిసి ఎమ్మార్వో ఆఫీసుకి ఎందుకు వెళ్తాడు? ఒంటరిగా ఉపవాసం ఉంటాడు. నేను ఉపవాస ప్రార్థనని తక్కువ చేయట్లేదు, నేనూ ఉంటాను, కానీ ఇది పక్కవాణ్ణి మర్చిపోయేలా చేస్తే దానికి బైబిల్లో యెషయా 58వ అధ్యాయం గట్టి సమాధానమే చెప్తుంది: ఆకలిగొన్నవాడికి నీ ఆహారం పెట్టడమే అసలు ఉపవాసమని.

దశమభాగం మందిరానికి తెస్తే దీవెనలు కుమ్మరిస్తానన్న మలాకీ 3:10 ప్రతి ఆదివారం వింటున్నాం. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చివరి రెండు వచనాలు ఎంతమంది విన్నారు? మూడేళ్లకోసారి పదో భాగం ఊరి గుమ్మాల దగ్గర ఉంచాలని, దేవాలయ సేవ చేసే లేవీయులతో పాటు పరదేశులు, తండ్రి లేనివాళ్లు, విధవరాళ్లు వచ్చి తృప్తిగా తినాలని అక్కడ రాసి ఉంది. కాబట్టి మీ సంఘంలో గొడవేమీ పెట్టుకోకుండా, మర్యాదగానే పాస్టర్ అయ్యగారిని రెండు విషయాలు అడగండి: పోయిన ఏడాది కానుకల్లోంచి సంఘంలో ఉన్న విధవరాళ్లకి, మంచాన పడ్డవాళ్లకి ఎంత వెళ్లింది, ఇంకా జవాబు రాని ప్రార్థన గురించి సాక్ష్యం చెప్పుకోవడానికి వచ్చే ఆదివారం మైకు ఇస్తారా.