స్పానిష్ భూతకాలం: ఊనిక జరిగితే కాలం మారుతుంది

స్పానిష్‌లో 'ఆబ్లొ' అంటే నేను మాట్లాడతాను. 'అబ్లో' అంటే అతను మాట్లాడాడు. రాతలో తేడా చివరి ఓ మీద పెట్టే చిన్న గీత మాత్రమే. పలుకుబడిలో ఊనిక, అంటే ఒత్తి పలికే బలం, మొదటి అక్షరం వదిలి చివరికి జరుగుతుంది. జరిగి ముగిసిన పనిని చెప్పే 'ప్రెతేరితొ'లో క్రమం తప్పని క్రియలన్నీ ఇంతే: ఊనిక ధాతువు మీద కాదు, ప్రత్యయం మీద పడుతుంది. అందుకే పట్టికను కళ్ళతో బట్టీ పట్టకండి, పైకి పలుకుతూ నేర్చుకోండి. ఊనిక పడే చోట ఇక్కడ దీర్ఘం పెట్టాను. ఎ-ఏ, ఒ-ఓ తేడా ఉన్న మన లిపి దీనికి చక్కగా కుదురుతుంది.

'అబ్లార్' (మాట్లాడడం)లో చివరి 'ఆర్' తీసేయండి, 'అబ్ల్' మిగులుతుంది. దానికి ప్రత్యయాలు చేరిస్తే: నేను అబ్లే, నువ్వు అబ్లాస్తె, అతను లేదా ఆమె అబ్లో, మేము అబ్లామొస్, వాళ్ళు అబ్లారొన్. స్పెయిన్‌లో స్నేహితులు కొందరిని కలిపి 'మీరు' అనాలంటే అబ్లాస్తెయిస్. లాటిన్ అమెరికాలో ఈ రూపం వాడరు, అక్కడ అబ్లారొన్ చాలు.

'ఎర్', 'ఇర్' క్రియలకు రెండింటికీ ఒకే వరస. కొమేర్ (తినడం) తీసుకుంటే కొమీ, కొమీస్తె, కొమ్యో, కొమీమొస్, కొమీస్తెయిస్, కొమ్యేరొన్. ఎస్క్రిబీర్ (రాయడం) కూడా అచ్చం ఇలాగే: ఎస్క్రిబీ, ఎస్క్రిబ్యో.

ఊనిక సూత్రం పట్టుబడితే చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి. పెన్సార్ (ఆలోచించడం) వర్తమానంలో 'ప్యేన్సొ' అవుతుంది కదా, మరి భూతకాలంలో 'పెన్సే' అని మామూలుగా ఎందుకు ఉంటుంది? ధాతువు మీద ఊనిక పడినప్పుడే ఆ అచ్చు చీలుతుంది. భూతకాలంలో ఊనిక చివరికి వెళ్ళిపోయింది కాబట్టి చీలదు. బొల్బేర్ (తిరిగి రావడం) కూడా అంతే: బ్వేల్బొ, కానీ బొల్బీ. 'ఆర్', 'ఎర్' క్రియలకు ఈ మాట నమ్మవచ్చు. 'ఇర్' క్రియల్లో మాత్రం దొర్మీర్ (నిద్రపోవడం) లాంటివి ప్రథమ పురుషలో దుర్మ్యో, దుర్మ్యేరొన్ అని మారతాయి, వాటిని విడిగా నేర్చుకోవాలి.

'అబ్లామొస్' అన్నది వర్తమానమూ అదే, భూతమూ అదే. 'ఇర్' క్రియల్లోనూ అంతే. 'అయేర్' (నిన్న), 'అనోచె' (నిన్న రాత్రి) లాంటి మాట పక్కన చేరిస్తే సందేహం ఉండదు. 'ఎర్' క్రియలకు ఈ ఇబ్బంది లేదు: కొమేమొస్ తింటాం, కొమీమొస్ తిన్నాం.

రాతలో ఎక్కువమంది తడబడేది 'నేను' రూపం దగ్గర. బుస్కార్ (వెతకడం) నుంచి బుస్కే రావాలి. కానీ స్పానిష్‌లో 'ఏ' ధ్వని ముందు 'సి' అక్షరం క పలకదు, అందుకే దాని బదులు 'క్యూ, యు' రాస్తారు. 'గార్'తో ముగిసే క్రియల్లో జి తర్వాత యు చేరుతుంది, 'సార్' అని పలికే జెడ్ క్రియల్లో జెడ్ పోయి సి వస్తుంది. ఇవన్నీ ధ్వనిని నిలబెట్టడానికి చేసే మార్పులే, కాబట్టి చెవితో నేర్చుకున్నవాళ్ళకు పలకడంలో కొత్తగా నేర్వాల్సిందేమీ లేదు. ఫోన్‌లో గీత పెట్టాలంటే ఆ అక్షరాన్ని నొక్కి పట్టుకోండి. గీత వదిలేస్తే 'అతను మాట్లాడాడు' కాస్తా 'నేను మాట్లాడతాను' అయిపోతుంది.

ఇక తెలుగువాళ్ళు ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. 'తాతగారు మాట్లాడారు' అనే అలవాటుతో 'మి అబ్వేలొ అబ్లారొన్' అనేస్తాం. స్పానిష్‌లో గౌరవానికి బహువచనం లేదు. తాతగారైనా, ఎదురుగా ఉన్న పెద్దమనిషిని గౌరవంగా 'ఉస్తేద్' (మీరు) అన్నా, ఒక్కరే అయితే అబ్లో అనే అనాలి. మాట్లాడాడు, మాట్లాడింది అన్న తేడా కూడా క్రియలో కనిపించదు.

'నువ్వు' రూపానికి చివర స్ చేర్చి 'అబ్లాస్తెస్' అనడం స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళ నోటా వినిపిస్తుంది. మిగతా కాలాల్లో 'నువ్వు' రూపం స్‌తో ముగియడం వల్ల వచ్చిన అలవాటు అది. వింటే అర్థం చేసుకోండి, పరీక్షలో మాత్రం రాయకండి. అక్కడ అది తప్పే.