కౌంటర్ మీద మూడు డాలర్లు

హ్యూస్టన్‌లో నేను పనిచేసే గ్యాస్ స్టేషన్ స్టోర్‌లో రెండు కౌంటర్లు. ఒకదాని దగ్గర సిగరెట్లు, లాటరీ టిక్కెట్లు, కాఫీ. రెండోది డబ్బు పంపే కౌంటర్. ఆరేళ్ళుగా నా కుర్చీ దాని వెనకే. శుక్రవారం సాయంత్రం ఐదు దాటిందంటే లైన్ తలుపు దాకా వస్తుంది. చేతులకి తారు మరకలతో, చొక్కాల మీద సిమెంటు దుమ్ముతో పని నుంచి నేరుగా వచ్చేస్తారు. హోండురాస్, గ్వాటెమాల, ఎల్ సాల్వడార్, మెక్సికో వాళ్ళు. నాకు వచ్చిన స్పానిష్ కూడా ఆ కౌంటర్ మేరకే: ఎంత, ఎవరికి, ఏ ఊరు, ఇంటిపేరేమిటి.

ఆ ఇంటిపేరు దగ్గరే నాకు మొదటి దెబ్బ తగిలింది. వాళ్ళకి ఇంటిపేర్లు రెండు, నాన్నది ఒకటి, అమ్మది ఒకటి. కార్డు మీద ఎలా ఉందో అలాగే కొట్టకపోతే అవతల బ్యాంకులో డబ్బు చేతిలో పెట్టరు. చేరిన కొత్తలో ఒకసారి రెండోది వదిలేశాను. హోండురాస్‌లో ఒక ముసలమ్మ రెండు బస్సులు మారి బ్యాంకుకి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చిందట. కొడుకు వచ్చాడు. తిడతాడనుకున్నాను. ఒక కాగితం మీద రెండు పేర్లూ పెద్ద అక్షరాలతో రాసి నా ముందు పెట్టాడు, అంతే. ఇంటిపేరు ముందు రాయాలా, వెనక రాయాలా అని పాస్‌పోర్టు ఫారాలతో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టిన తెలుగువాణ్ణి నేను. ఆ తప్పు నేనే చేశాను. ఆ కాగితం ఇప్పటికీ రిజిస్టర్ పక్కన అతికించి ఉంది.

ఆ కొడుకుది రూఫింగ్ పని. వయసు నా కంటే నాలుగైదేళ్ళు తక్కువ. 2024 జూలైలో బెరిల్ తుపాను వచ్చి పోయాక మా పేటలో సగం ఇళ్ళ మీద నీలం టార్పాలిన్లే కనిపించేవి. వాటిని తీసి కప్పు మీద పరిచే కొత్త పలకలు, షింగిల్స్, కొట్టినవాళ్ళలో వీడొకడు. ఎండలో ఆ వాలు కప్పు మీద నిలబడటం నా వల్ల అయితే కాదు. వాడు అమెరికా వచ్చింది 1998లో. ఆ ఏడాది అక్టోబర్ ఆఖరున మిచ్ హరికేన్ వాళ్ళ దేశాన్ని ఊడ్చేసింది. ఒక్క హోండురాస్‌లోనే ఐదు వేల మందికి పైగా పోయారు. దివిసీమ ఉప్పెన నాటికి నాకు ఆరేళ్ళు. నీళ్ళు తగ్గాక చెట్లకి వేలాడినవి ఏమిటో నేనూ చెప్పాను, వాడూ చెప్పాడు. ఆ రోజు నుంచి వాడు నన్ను ‘దోన్’ అని పిలుస్తాడు. పెద్దవాళ్ళని అలా పిలుస్తారు, మన ‘గారు’ లాగా.

మిచ్ పుణ్యమా అని 1999 జనవరిలో అమెరికా వాళ్ళకి టీపీఎస్ అనే తాత్కాలిక రక్షణ ఇచ్చింది. మీ దేశం కోలుకునే దాకా ఇక్కడే ఉండి పని చేసుకోండి, పంపించం అని. తాత్కాలికం అన్నారు. పొడిగించుకుంటూ పోతే పాతికేళ్ళు దాటింది. అందులో పెళ్ళి, పిల్లలు, పిల్లల కాలేజీలు.

నేను ఈ దేశంలో దిగింది 2019 మార్చిలో, నన్ను రప్పించడానికి అన్నయ్య వేసిన పిటిషన్ పద్నాలుగేళ్ళకి కదిలాక. ఆ నెలాఖరునే ట్రంప్ హోండురాస్, గ్వాటెమాల, ఎల్ సాల్వడార్‌లకి సాయం ఆపేస్తానన్నాడు, వలసల్ని ఆపడానికి వాళ్ళు ఏమీ చేయడం లేదని. నాకేం పట్టింది? సెప్టెంబర్ 22న ఇక్కడి ఎన్ఆర్‌జీ స్టేడియంలో ‘హౌడీ మోడీ’ జరిగితే, ఆ యాభై వేల మందిలో నేనూ అన్నయ్యా ఉన్నాం. ట్రంప్, మోదీ చేతులు పట్టుకుని స్టేడియం చుట్టూ నడుస్తుంటే అరిచి అరిచి నా గొంతు పోయింది. దానికి రెండు రోజుల ముందు ఎల్ సాల్వడార్‌తో, మూడు రోజుల తర్వాత హోండురాస్‌తో ట్రంప్ ప్రభుత్వం ఒప్పందాలు చేసుకుంది. అమెరికా గుమ్మం దగ్గర ఆశ్రయం అడిగేవాళ్ళని ఆ దేశాలకి పంపేసి, అక్కడే అడుక్కోమనొచ్చు. సొంత జనమే నిలవలేక పారిపోతున్న దేశాలవి. ఈ సంగతి నాకు తెలిసింది చాలా తర్వాత, కౌంటర్ దగ్గర.

ట్రంప్ రెండోసారి గద్దెనెక్కాక అదే పద్ధతి, ఇంకాస్త వేగంగా. 2025 జనవరి 20న ప్రమాణ స్వీకారం నాడే పనామా కాలువని వెనక్కి తీసుకుంటామన్నాడు. నెల తిరక్కుండానే దాదాపు మూడు వందల మందిని, ఎక్కువ మంది ఆసియా వాళ్ళే, విమానాల్లో పనామాకి దింపారు. వాళ్ళని ఒక హోటల్లో కాపలా పెట్టి ఉంచారు. అందులో మన దేశం వాళ్ళూ ఉన్నారు. బలహీనుణ్ణి ముందు బెదిరించి, తర్వాత పని చేయించుకోవడం. మా ఊళ్ళో పెత్తందారు చేసేది ఇదే, దానికి విదేశాంగ విధానం అన్న పేరు ఉండేది కాదు. ఫిబ్రవరి 5న అమృత్‌సర్‌లో మిలిటరీ విమానం దిగినప్పుడు, వెనక్కి పంపేసిన 104 మంది మనవాళ్ళ చేతులకి, కాళ్ళకి సంకెళ్ళున్న ఆ వీడియోని నాకు మొదట చూపించింది ఒక గ్వాటెమాల కుర్రాడు. “ఇండియా?” అన్నాడు ఫోన్ నా ముఖం ముందు పెట్టి. అవునన్నాను. వాళ్ళ దేశానికి అలాంటి విమానం జనవరిలోనే వెళ్ళింది. వాడేమీ అనలేదు, రెండు వందల డాలర్లు లెక్కపెట్టి ఇచ్చాడు.

మే నెలలో మన వాట్సాప్ గ్రూపులు ఎలా దద్దరిల్లాయో గుర్తుందా? ఇంటికి పంపే డబ్బు మీద 5 శాతం పన్ను అనగానే అందరికీ టెన్షన్. ప్లాటు వాయిదా ఎలా, అమ్మానాన్నల మందుల ఖర్చు ఎలా అని తెల్లారేదాకా మెసేజ్‌లు. దిగువ సభ దాన్ని 3.5 చేసింది. మెక్సికో అధ్యక్షురాలు షేన్‌బామ్ గట్టిగా అడ్డుపడ్డారు, వాళ్ళ సెనేటర్లు వాషింగ్టన్ వచ్చి తిరిగారు. జూలై 4న సంతకం అయ్యేసరికి 1 శాతానికి దిగింది, అదీ నోట్లు, మనీ ఆర్డర్ల లాంటి వాటితో పంపితేనే. ఇక్కడి బ్యాంకు ఖాతా నుంచి గానీ, ఇక్కడి కార్డుతో గానీ పంపితే ఏమీ లేదు. ఆ మాట తెలిసిన రోజు మా గ్రూపు చల్లబడింది. మర్నాడు ఎవరో ఇడ్లీ పిండి ఫొటో పెట్టారు.

నేనూ ఊపిరి పీల్చుకున్నవాణ్ణే, అబద్ధమెందుకు.

ఆ జూలైలోనే హోండురాస్, నికరాగువాలకి టీపీఎస్ ఎత్తేస్తున్నామన్నారు, సెప్టెంబర్ 8తో సరి అని. మిచ్ దెబ్బ నుంచి కోలుకున్నారట. ఎల్ సాల్వడార్ జోలికి మాత్రం పోలేదు. అక్కడి అధ్యక్షుడు బుకేలే ఇక్కణ్ణుంచి పంపిన వెనిజులా వాళ్ళని తన జైల్లో పెట్టుకున్నాడు కదా, స్నేహితుడు. అందుకే అని ఎవరూ అనలేదు, నా అనుమానం నాది. తర్వాత వ్యవహారం కోర్టుల చుట్టూ తిరిగింది. మా రూఫింగ్ మనిషి మేస్త్రీకి కోర్టుల సంగతి అనవసరం. వాడి పని పర్మిట్ మీద తేదీ దాటిందని చెక్కు మానేసి నోట్లు ఇవ్వడం మొదలుపెట్టాడు.

అప్పటి నుంచి వాడు పంపే మొత్తం పెరిగింది. వాడొక్కడిదే కాదు. తీసుకెళ్ళి విమానం ఎక్కిస్తే ఇక్కడ దాచుకున్నదాని గతేమిటని హోండురాస్, గ్వాటెమాల వాళ్ళందరూ ఉన్నదంతా ఊడ్చి పంపుతున్నారు. మెక్సికో లైన్ మాత్రం పలచబడింది. ఆ దేశాలకి వెళ్ళిన డబ్బు లెక్కలు కూడా ఆ ఏడాది అటే నడిచాయి.

నవంబర్ 30న హోండురాస్‌లో ఎన్నికలు. తన మనిషి అస్ఫురా గెలవకపోతే డబ్బు దండగ చేయబోమని ట్రంప్ బహిరంగంగానే చెప్పాడు. ఆ ఊపులోనే మాజీ అధ్యక్షుడు ఎర్నాండెస్‌కి క్షమాభిక్ష పెట్టాడు. కొకైన్ రవాణా కేసులో న్యూయార్క్ కోర్టు 45 ఏళ్ళు వేసిన మనిషి! అవతల కరేబియన్‌లో మత్తు తెస్తున్నాయని పడవల్ని బాంబులతో పేలుస్తూనే ఉన్నారు. మావాడు ఆ వార్త చదివి పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. “దోన్, నేను మేకులు కొట్టాను. టన్నుల లెక్కన కొకైన్ తెచ్చి ఉంటే నాకూ కాగితం వచ్చేది” అన్నాడు.

2026 జనవరి మొదటి శుక్రవారం. వాడు మూడు వందలు పెట్టాడు, పైన ఎప్పటిలా ఫీజు పెట్టాడు. తెర మీద కొత్త గీత ఒకటి వచ్చింది. “ఇంకో మూడు” అన్నాను.

“ఫీజు పెరిగిందా?”

“కాదు. పన్ను.”

“ఎవరికి?”

పైకి చూపించాను. పైన ఉన్నది లాటరీ బోర్డు. ఇద్దరం దాన్నే చూశాం. మూడు డాలర్లంటే హోండురాస్ డబ్బులో డెబ్బై తొమ్మిది లెంపిరాలు, దాదాపుగా. వాడు ఆ లెక్క నోటితోనే కట్టాడు. ఆ పొద్దున్నే అమ్మకి నేను ఫోన్‌లో ఐదు వందలు పంపాను. పన్ను దగ్గర సున్నా అని ఉంది. ఆ మాట వాడికి చెప్పలేదు.

చొక్కా లోపలి జేబులోంచి మూడు నోట్లు తీశాడు. రసీదు ఇవ్వబోతే ఆగమని, పన్ను కట్టినట్టు విడిగా కనబడుతుందా అని అడిగాడు. కనబడుతుందన్నాను. వేలు పెట్టి చూపించమన్నాడు. చూపించాను. అప్పుడు సంచిలోంచి ఒక జిప్ కవర్ తీశాడు. 1999 నుంచి దాచిన కరెంటు బిల్లులు, అద్దె చీటీలు, పన్ను కాగితాలు, ఇక్కడే ఉన్నానని ఎప్పుడు ఎవరు అడిగినా చూపించడానికి. రసీదుని నాలుగు మడతలు పెట్టి అన్నిటికంటే పైన ఉంచి, గాలి పోయేలా అరచేత్తో నొక్కి జిప్ లాగాడు. తర్వాతి వాడు అప్పటికే ముందుకి జరిగాడు. ఎంత, ఎవరికి, ఏ ఊరు అని అడగడం మొదలుపెట్టాను.