నోటి వాసన పట్టిచ్చిన జబ్బు

గుండెకు ఎకో స్కాన్ తీసిన రోజు డాక్టరు గారు "పంపింగ్ 30 శాతమే ఉంది" అన్నారు. గుండెలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు బయటికి పంపే వాటా అది, మామూలుగా 55కి పైన ఉండాలట. అప్పటికే నెల రోజులుగా మూడు దిండ్లు వేసుకుని, సగం కూర్చునే నిద్రపోతున్నాను. సాయంత్రానికి పాదం మీద వేలితో నొక్కితే గుంట పడేది. షుగర్ ఎలాగూ పదేళ్ల పాతది. అటు షుగరుకీ ఇటు గుండెకీ పనికొస్తుందని మిగతా మాత్రలతో పాటు డాపాగ్లిఫ్లోజిన్ రాశారు. రెండు నెలల్లో ఒక్క దిండుకు దిగాను.

అక్కడితో ఊరుకుంటే రాయడానికేమీ ఉండేది కాదు. కాస్త ఓపిక రాగానే చదవడం మొదలుపెట్టాను. ఈ మాత్ర చక్కెరను మూత్రంలో పోయేలా చేస్తుంది. దాంతో ఒంట్లో ఇన్సులిన్ కొంచెం తగ్గుతుంది, కాలేయం కొవ్వును కరిగించి కీటోన్లు అనే ఇంధనం తయారుచేయడం కొంచెం పెరుగుతుంది. కాలేయం సంగతి భలే చిత్రం. కీటోన్లు వండి వడ్డించడమే తప్ప తాను తినలేదు, వాటిని వాడుకునే ఎంజైము దానికి లేదు. తినేవాటిలో గుండె ఒకటి. మామూలు గుండెకు ముఖ్యమైన ఇంధనం కొవ్వు ఆమ్లాలే. నీరసించిన గుండె వాటిని సరిగ్గా వాడుకోలేక కీటోన్ల వైపు మొగ్గుతుందని 2016లో వచ్చిన పరిశోధనలు చూపించాయి. గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు నరంలోకి కీటోన్ ఎక్కిస్తే, గుండె నిమిషానికి పంపే రక్తం సుమారు 2 లీటర్ల మేర పెరిగిందని 2019లో మరో అధ్యయనం. అది కొద్దిమంది మీద, కొన్ని గంటలపాటు చేసిన పరీక్ష అన్న ముక్క నా కళ్లకు ఆనలేదు.

కొంచెం మంచిదైతే ఇంకొంచెం ఇంకా మంచిదే కదా అనుకున్నాను. కీటోన్లు ఇంకా పెరగాలని పిండిపదార్థాలు దాదాపు మానేశాను. డాక్టరు గారికి చెప్పలేదు. చెబితే వద్దంటారని లోపల తెలుసు కాబోలు.

మూడో వారంలో వాంతులు పట్టుకున్నాయి. రెండు రోజులు ఏమీ లోపలికి పోలేదు, మాత్రలు మాత్రం క్రమం తప్పకుండా మింగాను. రెండో రాత్రికి ఆయాసం. గుండె మళ్లీ మొరాయించిందనుకుని, నీరు పోయే మాత్ర ఇంకొకటి వేసుకున్నాను. అప్పటికే ఎండిపోయిన ఒంటిని ఇంకా ఎండబెట్టానన్నమాట. నిజానికి ఆ ఆయాసం తీరే వేరు. గుండెది పడుకుంటే ఎక్కువై, లేచి కూర్చుంటే తగ్గేది. ఇది ఎలా ఉన్నా ఒకటే: పరుగెత్తి వచ్చినవాడిలా లోతుగా, ఆగకుండా. ఇంట్లో షుగర్ చూస్తే 168. "షుగర్ బాగానే ఉంది, నువ్వు పడుకో" అన్నాను మా అమ్మాయితో. తను వంగి నా ముఖం దగ్గర వాసన చూసింది.

"నాన్నా, నీ నోట్లోంచి నెయిల్ పాలిష్ రిమూవర్ వాసనొస్తోంది. లే, వెళ్దాం."

అది అసిటోన్, కీటోన్లలో ఒకటి. ఎమర్జెన్సీలో కీటోన్లు 5.9 ఉన్నాయి. 3 దాటితేనే ప్రమాదంగా చూస్తారు. రక్తం ఆమ్లంగా మారిపోయింది. దీన్నే కీటోయాసిడోసిస్ అంటారు. అది వచ్చిందంటే షుగర్ ఆకాశాన్నంటాలని నా లెక్క. ఈ రకం మాత్రల మీద ఉన్నవాళ్లకు షుగర్ పెద్దగా పెరగకుండానే వస్తుందట. ఒక చేతికి ఇన్సులిన్, ఇంకో చేతికి గ్లూకోజ్ పెడితే వీళ్లకేమైనా పిచ్చా అనుకున్నాను. కాలేయాన్ని కీటోన్లు చేయకుండా ఆపేది ఇన్సులిన్, ఆ ఇన్సులిన్‌తో షుగర్ పడిపోకుండా కాచేది గ్లూకోజ్ అని నర్సమ్మ ఓపికగా చెప్పింది. గుండె బలహీనం కాబట్టి సెలైన్ కూడా లెక్కపెట్టి, ఊపిరితిత్తులు వింటూ ఎక్కించారు.

మూడో రోజు డాక్టరు గారి దగ్గర ఆహారం సంగతి ఒప్పుకున్నాను. ఆయన కేకలేయలేదు. "దీపంలో నూనె పోయమంటే వత్తి మునిగేదాకా పోశారు" అన్నారంతే. వాంతులు, జ్వరం, తిండి లేని రోజుల్లో ఆ మాత్ర ఆపాలని మొదట్లోనే ఇచ్చిన కాగితంలో ఉంది. నేను దాన్ని మడిచి ఫైల్లో పెట్టేశాను. ఇక నాకు ఆ మాత్ర మళ్లీ వద్దన్నారు. ఎందరికో మేలు చేసిన మందును నా తెలివితో నేనే పోగొట్టుకున్నాను. ఆ బాధ ఇంకా ఉంది.

మిగతా మాత్రలతోనే ఏడాదికి పంపింగ్ 42కి వచ్చింది. నేను కాస్త నీరసంగా కనిపిస్తే చాలు, మా అమ్మాయి దగ్గరకొచ్చి "ఏదీ, నోరు తెరువు" అంటుంది.